పొద్దున ఒకటి, సందెకొకటి



సంక్రాంతి దగ్గరికొచ్చింది. నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఇప్పుడు ఏ ఇంట్లో విన్నా ఒకటే మాట. ఎవరెవరు వస్తున్నారు? ఎన్నాళ్లుంటారు? ఎక్కడెక్కడ తిప్పాలి? హైదరాబాదు నుంచి బావమరిది వాళ్లు వస్తారు. బెంగళూరు నుంచి చిన్నాన్న పిల్లలు వస్తారు. అమెరికా నుంచో, జర్మనీ నుంచో కూతురు, అల్లుడు వస్తారు. వచ్చిన మర్నాడే మొదలవుతుంది. "మహానంది పోదాం. అహోబిలం పోదాం. యాగంటి పోదాం. బెలుం గుహలు దగ్గరేనంట కదా, అవీ చూసేద్దాం."

ఈ 'చూసేద్దాం' అన్న మాట దగ్గరే ఉంది చిక్కంతా. చూడడం వేరు. చూసేయడం వేరు.

ఈ రోజు మీకు ఒకే ఒక్క మాట చెప్పాలని వచ్చాను. చుట్టాలను కారులో తిప్పేటప్పుడు పొద్దున ఒక చోటు చూపించండి. సందెకు ఇంకో చోటు చూపించండి. నడుమ నీడపట్టున కూర్చోబెట్టండి. మళ్లీ చెబుతాను. పొద్దున ఒకటి. సందెకొకటి. మధ్యలో నీడ.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. మా అత్తమ్మ చేత మాట పడి నేర్చుకున్నది.

కొన్నేళ్ల కిందట మా బావమరిది కుటుంబం పండక్కి వచ్చింది. పెద్దలు, పిల్లలు కలిసి ఎనిమిది మందిమి. ఒక పెద్ద కారు మాట్లాడాను. ఒక్కరోజులో నాలుగు చోట్లు చూపిస్తానని గొప్పగా చెప్పాను. రాత్రి కూర్చుని కాగితం మీద లెక్క రాశాను. ఏడు గంటలకు మహానంది. పదికి అహోబిలం. రెండుకు యాగంటి. నాలుగుకు బెలుం. తొమ్మిదికి ఇంట్లో భోజనం. లెక్క చక్కగా కుదిరింది.

కాగితానికి మోకాళ్లు ఉండవు కదండీ. కాగితానికి కడుపులో తిప్పదు.

మహానందిలో కోనేరు చూడగానే పిల్లలు నీళ్లలోకి దిగారు. మీకు తెలుసు కదా ఆ నీళ్లు. అద్దం లాంటి నీళ్లు. రూపాయి బిళ్ల వేస్తే అడుగున బొమ్మ పడిందో, బొరుసు పడిందో పైనుంచే తెలుస్తుంది. పిల్లలు ఇక గట్టెక్కితే కదా! "పదండి, పదండి, టైమైపోతోంది" అని చేతులు పట్టి బయటికి లాగాను. తల కూడా సరిగా తుడవనివ్వలేదు.

ఎగువ అహోబిలం చేరేసరికి ఒంటిగంట దాటింది. గుడి తలుపులు మూసి ఉన్నాయి. అత్తమ్మ మెట్ల మీదే కూలబడింది. కిందికి దిగే మలుపుల్లో చిన్నోడు వాంతి చేసుకున్నాడు. వాణ్ని చూసి వాడి చెల్లెలు. యాగంటిలో దిగిన మాట నిజమే. బసవన్నను చూసిన మాట కూడా నిజమే. ఎంతసేపు చూశామంటే, కారు ఇంజను చల్లారేంతసేపు కూడా కాదు. బెలుం చేరేసరికి చీకటి పడుతోంది. గేటు వేసేశారు.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఒకటే మాట అంది. "నాయనా, ఈ పొద్దు నువ్వు నాకు బాగా చూపించింది ముందు సీటు వీపు ఒక్కటే."

తప్పు గుళ్లది కాదు. గుహలది కాదు. డ్రైవరుది అసలే కాదు. తప్పు నా కాగితానిది.

ఇది మన ఊళ్లోనే జరుగుతుందని అనుకోకండి. మా అక్క కూతురు జర్మనీలో, మ్యూనిక్ నగరంలో ఉంటుంది. అక్కడి నుంచి దక్షిణంగా గంట, గంటన్నర పోతే ఆల్ప్స్ పర్వతాలు మొదలవుతాయి. మన సినిమా పాటల్లో హీరో హీరోయిన్లు పరిగెత్తే మంచు కొండలు అవే. అక్క, బావ అక్కడికి వెళ్లినప్పుడు అల్లుడు ముచ్చటపడ్డాడు. ఒక్కరోజులో నాలుగు దేశాలు తిప్పాడు. జర్మనీ, ఆస్ట్రియా, లీక్టెన్‌స్టైన్, స్విట్జర్లాండ్. లీక్టెన్‌స్టైన్ మన జిల్లాలో ఒక మూలకు సరిపోయేంత దేశం. కాబట్టి నాలుగు దేశాలన్నది అక్కడ అయ్యే పనే. అక్క తిరిగొచ్చాక అడిగాను.

"నాలుగు దేశాలు చూసొచ్చినావంట కదక్కా?"

"చూసినాలేరా. నాలుగు పెట్రోలు బంకుల్లో బాత్‌రూములు చూసినా."

వారం తర్వాత అల్లుడు మళ్లీ తీసుకుపోయాడట. ఈసారి ఒక్క రోడ్డే. ఆస్ట్రియాలో గ్రోస్‌గ్లోక్నర్ అనే కొండ పేరుతో ఉన్న దారి అది. 1935లో తెరిచారు. 48 కిలోమీటర్ల పొడవు. 36 పెద్ద మలుపులు. 2,500 మీటర్ల ఎత్తు దాకా కారు పోతుంది. టోలు కట్టి ఎక్కాలి. చలికాలమంతా మంచు పేరుకుంటుంది కాబట్టి మూసేస్తారు. ఆ దారిలో ఒక చోట ఆగి కూర్చున్నారు. స్టీలు డబ్బాలో తెచ్చుకున్న చిత్రాన్నం తిన్నారు. ఎదురుగా కొండల నడుమ గడ్డకట్టిన మంచు నది. అంతలో రాళ్ల సందులోంచి ఉడతకు పెద్దన్నలాంటి జంతువు ఒకటి పైకొచ్చింది. వెనక కాళ్ల మీద నిలబడింది. ఈల వేసింది! మర్మోట్ అంటారు దాన్ని.

ఆల్ప్స్ గురించి చెప్పమంటే అక్క ఇప్పటికీ నాలుగు దేశాల ముచ్చట ఎత్తదు. ఆ ఈల ముచ్చట చెబుతుంది. మనవళ్లకు ఈల వేసి మరీ చూపిస్తుంది.

నాలుగు చోట్లు తిరిగినప్పుడు బాత్‌రూములు గుర్తున్నాయి. ఒక్కచోట కూర్చున్నప్పుడు ఈల గుర్తుంది. ఆల్ప్స్‌కైనా, మన నల్లమలకైనా లెక్క ఒకటే. పొద్దున ఒకటి. సందెకొకటి. మధ్యలో నీడ.

"ఎందుకయ్యా అంత పట్టుదల? పెట్రోలు ఖర్చు పెట్టుకుని పోయినప్పుడు ఇంకో రెండు చూస్తే తప్పేముంది?" అని మీరు అడగొచ్చు. నా తరఫున ముగ్గురు సాక్షులున్నారు. మోకాలు, కడుపు, బ్రేకు. ఒక్కొక్కరినీ పిలుస్తాను.

మొదటి సాక్షి మోకాలు.

అహోబిలం సంగతే తీసుకుందాం. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి 8 కిలోమీటర్లు. అక్కడ తొమ్మిది మంది నరసింహస్వాములు. తొమ్మిది గుళ్లూ ఒక్క తీరున ఉండవు. యోగానంద నరసింహుడు, ఛత్రవట నరసింహుడు దిగువ అహోబిలానికి దగ్గరలోనే ఉంటారు. కారంజ నరసింహుడు ఎగువకు పోయే రోడ్డు పక్కనే. ఎగువ గుడికి దగ్గర దాకా కారు పోతుంది. దిగువన ఉన్న ప్రహ్లాదవరద స్వామితో కలిపితే ఐదు దర్శనాలు. ఈ ఐదింటికీ కొండలెక్కే పని లేదు. మోకాళ్ల నొప్పులున్న అవ్వలు, తాతలు నిదానంగా చేసుకోవచ్చు.

జ్వాలా నరసింహుడి సంగతి వేరు. భవనాశిని వాగు వెంబడి, రాళ్ల మీద, మెట్ల మీద నడక. మాలోల నరసింహుడు కూడా కొండ మీదే. పావన నరసింహుడి దగ్గరికి అడవి దారిలో జీపులు పోతాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆ జీపు ఎక్కితే, దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి.

ఇంకో సంగతి వినండి. కొండ ఎక్కేటప్పుడు పరీక్ష ఊపిరికి. దిగేటప్పుడు పరీక్ష మోకాలికి. పెద్దవాళ్లు ఎక్కుతూ ఆయాసపడితే మనకు తెలుస్తుంది. దిగుతూ నొప్పి పడితే తెలియదు. అడిగితే "ఏం లేదులే నాయనా" అంటారు. అదే రోజు మధ్యాహ్నం ఇంకో కొండ దగ్గర దించామనుకోండి. సాయంత్రానికి కాలు వాస్తుంది. మర్నాడు మంచం దిగలేరు. ఇక మిగిలిన సెలవులన్నీ వేణ్నీళ్ల కాపడంతోనే సరి.

కాబట్టి పొద్దున ఎగువ అహోబిలం. సందెకు దిగువ అహోబిలం. మధ్యలో నీడ. కుర్రవాళ్లు జ్వాలా నరసింహుడి దాకా పోతామంటారా? పోనివ్వండి. తెల్లవారకముందే ఇంట్లోంచి బయలుదేరాలి. పెద్దవాళ్లు ఎగువ గుడి దగ్గరే ఉండాలి. ఎవరు ఎక్కుతారు, ఎవరు ఉంటారు అన్నది ముందురోజు రాత్రే ఇంట్లో తేల్చుకోండి. కొండ కింద నిలబడి అడిగితే అందరూ ఎక్కుతామనే అంటారు. మనది పౌరుషాల సీమ కదా!

అన్నట్టు, మధ్యాహ్నం కాసేపు గుడి తలుపులు మూస్తారు. దేవుడే ఆ పూట తలుపులేసుకుని విశ్రమిస్తాడు. మనకే ఆగడానికి మనసొప్పదు.

రెండో సాక్షి కడుపు.

కారులో కొందరికి ఎందుకు తిప్పుతుంది? మన చెవి లోపల ఒక చిన్న ఏర్పాటు ఉంది. ఒళ్లు ఎటు ఊగుతోందో, ఎటు తిరుగుతోందో అది కనిపెడుతుంది. మెదడుకు చెబుతుంది. కళ్లు కూడా చెబుతాయి. రెండూ ఒకే మాట చెబితే గొడవ లేదు. ఘాట్ రోడ్డులో వెనక సీటు పిల్లవాడు తల వంచి ఫోను చూస్తుంటాడు. చెవి అంటుంది, "తిరుగుతున్నాం, తిరుగుతున్నాం" అని. కన్ను అంటుంది, "లేదే, బొమ్మ కదలకుండా ఇక్కడే ఉంది" అని. రచ్చబండ మీద ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబితే పంచాయితీ తెగుతుందా? తెగదు. ఇక్కడా తెగదు. ఆ కోపమంతా కడుపు మీద పడుతుంది.

బండి నడిపేవాడికి సామాన్యంగా తిప్పదు. ఎందుకంటే అతని చూపు రోడ్డు మీదే ఉంటుంది. మలుపు వచ్చేది అతనికి ముందే తెలుసు. అందుకే తిప్పే అలవాటున్న పెద్దవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. పిల్లలను మధ్య సీట్లో కూర్చోబెట్టండి. పెద్ద కారులో అన్నిటికన్నా వెనక సీటుంటుంది చూడండి, అక్కడ కుదుపు ఎక్కువ. అది గట్టి కడుపు వాళ్లకే. ఘాట్‌లో ఫోన్లు సంచిలో పెట్టించండి. దూరంగా కొండ అంచును చూడమనండి. అద్దం కొంచెం దించండి.

పొద్దున తిండి తేలిగ్గా ఉండాలి. రెండు ఇడ్లీలు చాలు. నంద్యాలలో ఉగ్గాని, మిరపకాయ బజ్జి వాసన వస్తే ఆగకుండా ఉండడం కష్టమే. నాకూ కష్టమే. ఆ ఉగ్గాని, బజ్జీ ఘాట్ దిగాక తినండి. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. నిండు కడుపు కూడా మంచిది కాదు. అయినా ఒక ఘాట్ ఎక్కి దిగిన కడుపుకు కుదురుకోవడానికి కొంతసేపు పడుతుంది. ఆ వెంటనే ఇంకో ప్రయాణం పెడితే ఏ ఉపాయమూ పనిచేయదు. అందుకే పొద్దున ఒకటి. సందెకొకటి. మధ్యలో నీడ.

మూడో సాక్షి బ్రేకు.

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారి మీలో చాలామందికి తెలుసు. గాజులపల్లె దాటాక నల్లమల మొదలవుతుంది. మలుపు మీద మలుపు. దిగువమెట్ట దాకా అడవే. అక్కడ లోయ మీద పాత రైలు వంతెన ఒకటుంది. దొరబావి వంతెన అంటారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మీటర్ గేజ్ రైలు కోసం కట్టారు. బ్రాడ్ గేజ్ వచ్చాక లైను మారింది. ఆ వంతెన ఒంటరిదైపోయింది. కొండను దాటాలంటే రైలుకే అంత తంటా. మన కారెంత?

కొండ దిగేటప్పుడు కొత్త డ్రైవర్లు చేసే తప్పు ఒకటుంది. మూడో గేరులోనో, నాలుగో గేరులోనో బండిని వదిలేస్తారు. కాలు మాత్రం బ్రేకు మీదే ఉంచుతారు. కిందికి వచ్చేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన. ఇంకా కాలితే బ్రేకు పట్టు సడలుతుంది.

బావిలోకి చేద వదిలేది గుర్తు చేసుకోండి. తాడును చేతిలోంచి జారవిడిస్తే ఏమవుతుంది? అరచెయ్యి కాలుతుంది. చెయ్యి మార్చుకుంటూ, కొంచెం కొంచెంగా వదిలితే చెయ్యి కాలదు. చేద నెమ్మదిగా దిగుతుంది. ఘాట్ దిగేదీ అంతే. కాలు బ్రేకు మీదే ఉంచి జారితే బ్రేకు కాలుతుంది. చిన్న గేరులో దిగితే ఇంజనే బండిని పట్టుకుంటుంది. మన పెద్ద డ్రైవర్లు చెప్పే మాట ఒకటుంది. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు. న్యూట్రల్‌లో మాత్రం ఎప్పుడూ దిగొద్దు. పెట్రోలు మిగులుతుందని అనుకుంటారు. మిగిలేది పెట్రోలు కాదు, ఆసుపత్రి బిల్లు.

ఇంకో మర్యాద కూడా ఉంది. ఇరుకు దారిలో ఎదురుపడితే కొండ ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మన దేశంలో రోడ్డు నిబంధన అదే. ఆల్ప్స్‌లోనూ అదే. ఎక్కుతూ ఆగిన బండి మళ్లీ కదలాలంటే కష్టం కదా. స్విట్జర్లాండ్ కొండ దారుల్లో పసుపుపచ్చ పోస్టు బస్సులు తిరుగుతాయి. కనపడని మలుపు వస్తే మూడు స్వరాల హారన్ ఊదుతాయి. ఆ హారన్ వినగానే కార్లవాళ్లు పక్కకు తప్పుకుంటారు. మన ఆర్టీసీ బస్సు హారన్‌లో స్వరాలు లేకపోవచ్చు. అర్థం మాత్రం ఒకటే. "వస్తున్నా, ఆగు నాయనా."

బ్రేకుకు చల్లారే సమయం కావాలి. బండి నడిపేవాడి కళ్లకు కూడా చల్లారే సమయం కావాలి. పొద్దున ఘాట్ నడిపి, మధ్యాహ్నం ఎండలో నడిపి, రాత్రి చీకట్లో మళ్లీ ఘాట్ నడిపితే ప్రమాదం పిలిచి తెచ్చుకున్నట్టే. శ్రీశైలం అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా గేట్లు వేసేస్తారు. అది పులులు తిరిగే అడవి. రాత్రి వాటిది. ఆ గ్రోస్‌గ్లోక్నర్ దారికి కూడా రాత్రి గేట్లు వేస్తారు. గేటు మనకు అడ్డం అనుకోవద్దు. చాలించు, పడుకో అని చెప్పే పెద్దమనిషి అనుకోండి.

ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెప్పారు. మోకాలు ఆగమంది. కడుపు ఆగమంది. బ్రేకు ఆగమంది.

మరి మధ్యలో నీడ అంటున్నానే, ఆ నీడ ఎక్కడ? నీడ అంటే చెట్టు నీడే కానక్కర్లేదు. కూర్చుని, కాళ్లు చాపుకుని, పనిలేకుండా ఉండే చోటు ఏదైనా నీడే. అహోబిలంలో అయితే సత్రం వరండా. మహానందిలో అయితే కోనేటి గట్టు. ఇంటికి దగ్గరైతే మన ఇల్లే.

ఆళ్లగడ్డలో ఇంకో మంచి నీడ ఉంది. శిల్పుల రేకుల షెడ్లు. పక్కనే లారీలు పోతుంటాయి. షెడ్డు కింద ఉలి చప్పుడు వినిపిస్తుంటుంది. నల్లరాయిలోంచి స్వామివారి ముఖం మెల్లగా బయటికొస్తుంటుంది. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇక్కడ చెక్కిన విగ్రహాలు సముద్రాలు దాటి గుళ్లలో కూర్చున్నాయి. మీ చుట్టాలు అమెరికాలో మొక్కే దేవుడు ఈ షెడ్డు కింద పుట్టి ఉండొచ్చు. అడిగి, పనికి అడ్డం రాకుండా ఒక పక్కన కూర్చోండి. పిల్లలను అరగంట చూడనివ్వండి. ముందు ముక్కు చెక్కుతారా, కళ్లు చెక్కుతారా అని అడగనివ్వండి. టికెట్టు లేదు, క్యూ లేదు. కానీ ఈ అరగంటను ఏ కాగితంలోనూ ఎవరూ రాయరు. నేనూ రాయలేదు.

ఇప్పుడు మూడు రోజులకు చుట్టాలు వచ్చారనుకుందాం. మీతో కలిసి మెల్లగా తిరిగి చూస్తాను. వినండి.

మొదటి రోజు పొద్దున మహానంది. తొందర వద్దు. పిల్లలను కోనేటిలో తనివితీరా ఆడనివ్వండి. గుడి కిందనుంచి ఊరే ఆ నీళ్లే బయటికి పారి అరటి తోటలకు పోతాయి. ఆ కాలువ వెంట నాలుగు అడుగులు నడిపించండి. మధ్యాహ్నం ఇంటికొచ్చి పుంటికూర పప్పుతో అన్నం తిని కునుకు తీయండి. సందెకు నంద్యాల ఊళ్లోనే ప్రథమ నంది గుడి.

రెండో రోజు పొద్దున ఎగువ అహోబిలం. మధ్యాహ్నం నీడ. సందెకు దిగువ అహోబిలం. తిరిగొచ్చేటప్పుడు వెలుగుంటే ఆళ్లగడ్డలో శిల్పుల దగ్గర ఆగండి.

మూడో రోజు పడమటి వైపు. పొద్దున బెలుం గుహలు. ఎండ ముదరకముందే చేరుకోండి. లోపల ఉక్కపోత ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి దిగాలి. గుహల పొడవు 3,229 మీటర్లు. అంటే మూడు కిలోమీటర్లు దాటింది. అందులో సగం దాకా మనం నడవొచ్చు. సున్నపురాయిని నీళ్లు లక్షల ఏళ్లు తొలిచి చేసిన దారులు అవి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. తర్వాత సుమారు వందేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో గెబావర్ అనే జర్మన్ పరిశోధకుడి బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. చూడండి విచిత్రం. మనం జర్మనీ పోయి కొండలు చూసొస్తాం. జర్మనీ వాళ్లు మన కొలిమిగుండ్ల మండలానికి వచ్చి నేల కింద పాకుతూ గుహలు కొలిచారు. వాళ్లు కూడా ఒక్కరోజులో నాలుగు చోట్లు తిరగలేదు. ఒక్కచోటే ఉన్నారు. అందుకే గుహ లోపలి పాతాళగంగ దాకా చేరారు.

మధ్యాహ్నం అవుకు రిజర్వాయరు పక్కన పెరుగన్నం. సందెకు బనగానపల్లె మీదుగా యాగంటి. అక్కడి రాతి బసవన్న పెరుగుతున్నాడని మన పెద్దల నమ్మకం. ఇరవై ఏళ్లకు ఒక అంగుళం అని చెబుతారు. ఆయనే అంత నిదానంగా ఉంటే ఆయన్ను చూడ్డానికి పోయిన మనం ఐదు నిమిషాల్లో కారెక్కితే ఏం బాగుంటుంది?

ఇక్కడ ఒకరు నన్ను అడ్డుకోవచ్చు. "కార్తీకంలో తొమ్మిది నందుల గుళ్లూ ఒక్కరోజులో చూస్తారే? పొద్దు పొడిచి, పొద్దు గుంకేలోపు చూడాలంటారే? మరి దానికేమంటావు?" మంచి ప్రశ్న. అది మొక్కు. విహారం కాదు. నవనందులు నంద్యాల చుట్టుపక్కలే, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఘాట్‌లు లేవు. మొక్కున్నవాళ్లు తప్పకుండా చేసుకోండి. ఆ రోజు ఇంకేదీ కలపకండి. బెలుం కూడా కలుపుదాం అన్నారో, మళ్లీ నా కాగితం దగ్గరికే వచ్చారు.

ఇంకొకరు అడగొచ్చు. "మా వాళ్లకు ఒక్కటే రోజు సెలవు. ఏం చేయమంటావు?" అయినా అదే మాట. పొద్దున ఒకటి. సందెకొకటి. విస్తట్లో ఓళిగ పెట్టి, అది తినకముందే దాని మీద అరిసె, అరిసె మీద లడ్డు, లడ్డు మీద పులిహోర వేశామనుకోండి. చుట్టం సంతోషిస్తాడా? దేని రుచీ తెలియదు. కొన్ని డబ్బాలోనే ఉండనివ్వండి. మళ్లీ వస్తారు.

ఈ సంగతి మనకు ఎవరో వచ్చి నేర్పాల్సింది కాదు. మన అహోబిలం స్వామే ఏటా చేసి చూపిస్తున్నాడు. కనుమ పండగ నాడు పారువేట మొదలవుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి తన కల్యాణానికి రమ్మని పిలవడానికి పల్లకిలో బయలుదేరతాడు. తలుచుకుంటే ఒక్కరోజులో ముప్పై ఊళ్లు తిరగలేడా? తిరగడు. దాదాపు నలభై రోజులు తీసుకుంటాడు. ఊరూరా పల్లకి దింపుతారు. ఆ ఊరి వాళ్లు వచ్చి కొబ్బరికాయ కొడతారు. పూజ అందుకుంటాడు. అక్కడ ఆగాల్సినంతసేపు ఆగి, తర్వాతి ఊరికి కదులుతాడు. స్వామి మా ఊరికి వచ్చిపోయాడని ఏ ఊరివాళ్లూ అనరు. మా ఊళ్లో ఉన్నాడని అంటారు. వచ్చిపోవడం వేరు. ఉండడం వేరు.

ఇక ముగిస్తాను. ఈ రాత్రి మీ చుట్టాల ఫోను వస్తే మూడు ప్రశ్నలు అడగండి. మోకాళ్ల నొప్పులు ఎవరికున్నాయి? కారులో తిప్పేది ఎవరికి? బండి నడిపేది ఎవరు, ఘాట్ అలవాటుందా? ఈ మూడూ తెలిశాక కాగితం తీయండి. రోజుకు రెండు గీతలే గీయండి. పైన ఒకటి, కింద ఒకటి. పైన పొద్దున చూసే చోటు రాయండి. కింద సందెకు చూసే చోటు రాయండి. మధ్యలో ఖాళీ వదలండి. ఎవరైనా ఆ ఖాళీలో ఇంకో పేరు ఇరికించబోతే చెయ్యి అడ్డం పెట్టండి.

పోయినేడు మా అత్తమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి పొద్దున ఒక్క మహానందే. రెండు గంటలు కోనేటి మెట్టు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. నేను గడియారం చూసుకోలేదు. లేచేటప్పుడు ఆమే అడిగింది. "నాయనా, మరి సందెకు యాడికి?"

ఆ ప్రశ్న వినడానికే ఇంత చెప్పాను. పొద్దున ఒకటి. సందెకొకటి. మధ్యలో నీడ. మీకు, మీ ఇంటికొచ్చే చుట్టాలకు సంక్రాంతి శుభాకాంక్షలు.